వచ్చే ఏడాది బడి

సలోమి టీచరు కుర్చీలో కూర్చుని ఉండగా చూసినవాళ్లు పాటిలంకలో తక్కువ. పాఠం చెబుతూ పిల్లల మధ్య తిరుగుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ కంచం చేత పట్టుకుని వరండాలో తిరుగుతుంది. సాయంత్రం ఆటో వచ్చేదాకా గేటు దగ్గర నిలబడకుండా చెరువు గట్టు మీద అటూ ఇటూ నడుస్తుంది. పెళ్లయిన కొత్తలో అత్తగారు చర్చిలో పక్కావిడతో 'మా కోడలు కాలుగాలిన పిల్లండీ' అంటే, విని తనే ముందు నవ్వేసింది. అబద్ధమైతే కదా కోపం రావడానికి.

కాపురం ఏలూరులో. భర్త ఎడ్విన్ కరెంటాఫీసులో లైన్‌మన్. పొద్దున్నే బస్సెక్కి కైకలూరు రోడ్డులో దిగి, అక్కణ్ణించి షేర్ ఆటోలో చేపల చెరువుల గట్ల వెంబడి పాటిలంక వెళ్తుంది. రెండు గదులూ ఒక వరండా ఉన్న ప్రాథమిక పాఠశాల అది. ఒకటి, రెండు తరగతులు హెడ్మాస్టరు తాతాజీ గారివి. మూడు, నాలుగు, అయిదు సలోమివి.

ఆవిడకి పేరు తెచ్చింది పాట. ఏ పాఠాన్నైనా రాగం కట్టి చెప్పేది. ఆదివారం బడి పిల్లలకి పాటలు నేర్పిన అలవాటు, గొంతు కూడా మంచిదే. పిల్లలు వాచకమంతా పొల్లుపోకుండా అప్పజెప్పేవారు. తనిఖీకి వచ్చిన అధికారులు చేతులు కట్టుకుని విని, మెచ్చుకుని వెళ్లేవారు. ఆ పిల్లలందరిలోకీ వీరదుర్గ మేటి. అయిదో తరగతి. పాఠం సంఖ్య చెబితే చాలు, మొదటి మాట నుంచి చివరి మాట దాకా పాడేసేది.

ఆ జూలైలో తాడేపల్లిగూడెం నుంచి పద్మప్రియ అనే ఆవిడ వచ్చింది. గూడెంలో ఒక పరిశోధన సంస్థకి ఆఫీసు ఉంది. ప్రభుత్వ బడుల్లో పిల్లలకి చదవడం ఎలా వస్తుందో, ఎందుకు రావడం లేదో చూసే సంస్థ. పద్మప్రియ అందులో ముఖ్యురాలు. ముప్పై దాటి ఉండవు. మెత్తగా మాట్లాడుతుంది, అడిగినదానికి మాత్రం తేల్చి చెబుతుంది. చేతిలో ఒక అట్టముక్క ఉంది. దానిమీద ఒకవైపు అక్షరాలు, పదాలు, రెండోవైపు వాచకంలో లేని చిన్న కథ. ఒక్కొక్క పిల్లనీ వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి చదవమంది.

సలోమి దూరంగా నిలబడలేకపోయింది. వీరదుర్గ వంతు వచ్చేసరికి దగ్గరికి వెళ్లి నిలబడింది. పిల్ల అట్టముక్క తీసుకుంది, తల ఎత్తి టీచరు వైపు చూసింది. ఏ పాఠమో చెబితే అందుకుందామన్నట్టు చూసింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. మళ్లీ అట్ట వైపు చూసి 'క' అంది. 'ప' అంది. దీర్ఘం దగ్గర ఆగింది. కొమ్ము దగ్గర ఆగింది. ఒత్తు ఉన్న చోట పెదవులు బిగించేసింది. పద్మప్రియ తొందరపెట్టలేదు. చాల్లేమ్మా, బాగా ప్రయత్నించావు అని అట్ట తీసుకుంది. తర్వాత వచ్చిన పిల్లల్లో చాలామందిదీ ఇదే తీరు.

ఆ సాయంత్రం సలోమి ఇంటికి వెళ్లి కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగింది. ఎడ్విన్ ఏమైందని అడిగితే, పిల్లలకి చదవడం రాదండీ, నేను పాడించేను, వాళ్లు పాడేరు, అంతే అంది. ఆయన ఏదో ఊరడింపు చెప్పబోయాడు గానీ ఆవిడ అప్పటికే పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆగస్టులో ఏలూరులో సమావేశం పెట్టారు. కొల్లేరు చుట్టుపక్కల బడుల నుంచి టీచర్లూ హెడ్మాస్టర్లూ వచ్చారు. పద్మప్రియ చెప్పింది సూటిగా ఉంది. రోజూ పొద్దున్న కొంతసేపు తరగతుల్ని మర్చిపోవాలి. అక్షరాలు మాత్రమే వచ్చినవాళ్లు ఒక గుంపు, పదాలు చదివేవాళ్లు ఒక గుంపు, కథ చదవగలిగేవాళ్లు ఒక గుంపు. ఎవరు ఏ మెట్టు మీద ఉంటే అక్కణ్ణించే నేర్పాలి. మెట్టు ఎక్కగానే గుంపు మార్చాలి. ఇది వేరే చోట్ల బాగా పనిచేసిందని పరిశోధనల్లో తేలింది. మన దగ్గర, మన టీచర్ల చేతుల్లో పనిచేస్తుందా లేదా అన్నది చూడాలి. అందుకని సగం బడుల్లో ఈ ఏడాది మొదలుపెడతారు, మిగతా సగం ఎప్పటిలాగే నడుస్తాయి, వచ్చే ఏడాది వాటికీ శిక్షణ ఇస్తారు. రెండింటికీ తేడా ఎంతో చూసి, బాగుంటే జిల్లా అంతటా పెట్టమని విద్యాశాఖకి చెబుతారు. ఎవరు ఇప్పుడు, ఎవరు తర్వాత అన్నది చీటీలు వేసి తేలుస్తారు.

సలోమి లేచి నిలబడి, చీటీలు ఎందుకండీ, ఇష్టమున్నవాళ్లం ముందు మొదలుపెడతాం కదా అని అడిగింది.

"ఇష్టమున్నవాళ్లకే ఇస్తే, రేపు పిల్లలు బాగా చదివినప్పుడు అది పద్ధతి వల్లో మీ ఉత్సాహం వల్లో నాకు తెలీదండీ" అంది పద్మప్రియ. "ఉత్సాహాన్ని జిల్లా అంతటికీ పంచలేను కదండీ. పద్ధతినైతే పంచగలను."

హాలంతా నవ్వింది. సలోమీ నవ్వింది. మాట నచ్చింది కూడా.

తాతాజీ గారు వెళ్లి చీటీ తీశారు. 'వచ్చే ఏడాది' అని వచ్చింది. ఆయన ముఖంలో కాస్త ఊరట కనిపించింది. ఈ యాపులూ ఫొటోలూ చాలవన్నట్టు మీదపడబోయిన కొత్త పని ఒకటి తప్పిందనుకున్నారు. కాలవ అవతల మూలగరువు బడికి 'ఈ ఏడాది' వచ్చింది. అక్కడి టీచరు నెల్సన్ సలోమికి వరసకి తమ్ముడు. వచ్చే ఏడాది బడుల టీచర్లు ఈ ఒక్క ఏడాదీ మామూలుగా చెప్పాలని, ఈ ఏడాది బడుల వాళ్లు శిక్షణ సంగతులు బయట పంచుకోవద్దని పద్మప్రియ మరీ మరీ చెప్పింది. అందరితోపాటు సలోమీ తలూపింది.

తిరుగు బస్సులో ఆవిడ లెక్క వేసుకుంది. వచ్చే ఏడాది పాటిలంక బడికి వస్తుంది, వీరదుర్గకి రాదు. జూన్‌లో ఆ పిల్ల ఆరో తరగతికి హైస్కూలుకి వెళ్లిపోతుంది. దాని అక్క కూడా అలాగే వెళ్లింది. ఒక్క ముక్క అర్థంకాక, దసరా సెలవులకి వచ్చి మళ్లీ బడి మొహం చూడలేదు. ఇప్పుడు రొయ్యల షెడ్డుకి వెళ్లి తలలు వొలుస్తోంది. తల్లిదండ్రులు భీమవరం అవతల ఎవరివో చెరువులకి కాపలా ఉంటారు. పిల్లలిద్దర్నీ సాకుతున్నది నాయనమ్మ మంగాయమ్మ.

కొద్ది రోజులు ఓపిక పట్టింది. ఎప్పటిలాగే పాఠం చెప్పింది. పిల్లలు పాడుతుంటే మాత్రం వినలేకపోయింది. వాళ్ల కళ్లు పుస్తకంలో ఎక్కడ ఉన్నాయో చూసేది. ఒకడు పేజీ తిప్పకుండానే రెండు పేజీల పాఠం పాడేశాడు. ఇన్నేళ్లూ ఇది ఎలా కనపడలేదో ఆవిడకి అంతుపట్టలేదు.

ఒకరోజు సెలవు పెట్టి మూలగరువు వెళ్లింది. నెల్సన్ గుమ్మంలోనే నిలబెట్టేశాడు. ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "అక్కా, చెప్పకూడదన్నారు కదా."

"నువ్వేం చెప్పొద్దురా. నేను చూసి పోతాను."

కిటికీ పక్కన నిలబడి చూసింది. నేల మీద సుద్దతో గుణింతాలు గీసి ఉన్నాయి. నెల్సన్ పదం చెబితే పిల్లలు ఒక అక్షరం మీద నుంచి ఇంకో అక్షరం మీదికి గెంతుతున్నారు. తప్పు గడిలో పడ్డవాణ్ణి మిగతావాళ్లు సరిచేస్తున్నారు. మూడో తరగతి పిల్ల అయిదో తరగతి పిల్లాడికి దీర్ఘం చూపిస్తోంది. ఇంకో మూల కొంతమంది ఒక కథ చుట్టూ మూగి, ఒకళ్ల వేలు వెంట అందరి కళ్లూ కదులుతూ చదువుతున్నారు. పాట లేదు. గోల ఉంది. ఆ గోలలో ప్రతి పిల్లా ఏదో ఒకటి చదువుతోంది. ఇంత తేలిగ్గా ఉందేమిటి అని సలోమికి ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

మర్నాడు పాటిలంకలో ప్రార్థన అయ్యాక సుద్దముక్క తీసి వరండా గచ్చు మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. తాతాజీ గారు కాసేపు చూసి, మన చీటీ వచ్చే ఏడాదిది కదండీ సలోమి గారూ అన్నారు.

"వచ్చే ఏడాదికి వీరదుర్గ ఉండదండీ."

ఆయన రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న మనిషి, గొడవలు గిట్టవు. నేను చూళ్లేదనుకోండి అని తన గదిలోకి వెళ్లిపోయారు.

పిల్లల్ని గుంపులు చేయడం మొదటిరోజే చేదయింది. వీరదుర్గ గుణింతాల గుంపులో పడింది. చుట్టూ మూడో తరగతి పిల్లలు. అందరికంటే తలంత ఎత్తుగా, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. సలోమి గెంతమంటే గెంతలేదు. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

సలోమి వాళ్ల ఇంటికి వెళ్లింది. మంగాయమ్మ వాకిట్లో వల చిక్కులు తీస్తోంది. మర్యాదగానే కూర్చోమంది, కానీ మాటలో ఎడం ఉంది.

"ఏవమ్మా టీచరుగారూ, అన్నిట్లో ఫస్టొచ్చే పిల్లని చంటిపిల్లల్లో కూకోబెట్టేరంట. ఊరంతా అడుగుతున్నారండి నన్ను. ఏం తప్పు చేసిందండి?"

సలోమి జవాబు చెప్పడానికి ముందు గుమ్మంలో తలుపు చాటున ఉన్న వీరదుర్గని పిలిచింది. పిల్ల రాలేదు గానీ చాటు నుంచి కదల్లేదు కూడా. సలోమి అటు చూస్తూనే చెప్పింది. "నీకు చదవడం రాదు దుర్గా. నీకు పాడటం వచ్చు. చదవడం నేను నీకు నేర్పలేదు. అది నీ సిగ్గు కాదు, నాది. రేపొస్తే నేర్పుతాను."

మంగాయమ్మ వల వదిలేసి ఆవిడ ముఖంలోకి చూసింది. పెద్దపిల్లకీ ఇదేనా అండి అని అడిగింది. అక్క సంగతి అది. అవునని సలోమి అనలేకపోయింది, కాదనీ అనలేకపోయింది. ముసలావిడ మళ్లీ వల చేతిలోకి తీసుకుంది. మర్నాడు పొద్దున్న తనే పిల్లని చెయ్యి పట్టుకుని బడి గేటు దాకా తీసుకొచ్చి వదిలి వెళ్లింది.

అక్కణ్ణించి పని ఊపందుకుంది. ఊపందుకుందనుకుంటుండగానే ఎగువన వానలకి బుడమేరు వాగు పొంగి కొల్లేరు నిండింది. గట్ల మీద రోడ్డు మునిగింది. బడికి సెలవులిచ్చారు. సలోమి ఏలూరులో ఇంట్లో పంజరంలో పిట్టలా తిరిగింది. నీళ్లు కాస్త తీయగానే, ఆటోలు ఇంకా నడవకముందే, చేపల వాళ్ల పడవ ఎక్కి వెళ్లింది. గచ్చు మీద గీసినదంతా బురద కింద ఉంది. పిల్లలతో కలిసి కడిగి, మళ్లీ గీసింది.

పద్ధతిలో ఉన్నదంతా ఆవిడకి తెలియదు. కిటికీలోంచి చూసినంతే తెలుసు. కొన్ని తప్పులు చేసింది. మెట్టు ఎక్కినవాళ్లని గుంపు మార్చడం మర్చిపోతే వాళ్లు అల్లరికి దిగారు. కొందరికి అక్షరాల మధ్య తేడా కంటికే అందలేదు. 'మ'కీ 'య'కీ ఇప్పటికీ తికమకపడే పిల్లాడొకడు మిగిలాడు. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో సగంమంది వచ్చేవారు కాదు. వచ్చాక మళ్లీ మొదటికి. అయినా నెలలు గడిచేకొద్దీ గుణింతాల గుంపు పలచబడింది.

క్రిస్మస్ సెలవుల ముందు ఒక మధ్యాహ్నం వీరదుర్గ ఒక కొత్త కథల పుస్తకం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. చలికాలంలో కొల్లేటికి వచ్చే గూడబాతు పక్షి కథ. మెల్లగా, వేలు పెట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగి ఆగి చదివింది. సలోమి వెనక నిలబడి విన్నది. కథ అయ్యాక పిల్ల పుస్తకం మూసి, మొహం చిట్లించింది.

"ఇది తప్పు టీచర్. ఎండాకాలంలో గూడబాతు గుడ్లు పెట్టిందని రాసేరు. ఎండాకాలానికి అవి వెళ్లిపోతాయి కదా. రాసినాయనకి తెలీదు."

సలోమి బయటికి వెళ్లి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. చదవడం రావడం వేరు, చదివినదాన్ని కాదనగలగడం వేరు. ఆ పిల్ల రెండూ ఒకేసారి చేసింది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. సెలవుల్లో ఇంటికి వచ్చిన నెల్సన్, భోజనం చేస్తూ, వేసవికి ముందు మళ్లీ అట్టముక్కలతో పిల్లల్ని పరీక్షిస్తారని, ఈ ఏడాది బడులకీ వచ్చే ఏడాది బడులకీ తేడా అప్పుడు తేలుతుందని చెప్పాడు. అని, కాస్త ఆగి, "నీ పిల్లలు బాగా చదివితే తేడా తగ్గిపోద్ది కదక్కా" అన్నాడు.

సలోమి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ మాట తట్టకపోవడం కాదు, తట్టనివ్వలేదు. ఎడ్విన్ అన్నం కలుపుకుంటూ, ముందు చెయ్యి పెట్టి తర్వాత కరెంటుందా లేదా అని చూడటం నీకు మొదట్నుంచీ అలవాటే అన్నాడు. ఎగతాళి కాదు, భయం. ఆవిడ ఆ రోజంతా ఏ గదిలోనూ నిలవలేదు.

జనవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తాడేపల్లిగూడెం రైలెక్కింది. పద్మప్రియ ఆఫీసు మార్కెట్ యార్డు దగ్గర ఒక డాబా పై అంతస్తులో ఉంది. కింద ధాన్యం లారీలు, గాలిలో తవుడు వాసన. ఆదివారమైనా పద్మప్రియ అక్కడే ఉంది. ఫోన్‌లో చెప్పకుండా వచ్చినందుకు క్షమించమని, సలోమి నిలబడే అంతా చెప్పేసింది. కిటికీలోంచి చూసిన సంగతి చెప్పింది గానీ ఏ బడిదో చెప్పలేదు. పద్మప్రియ అడగలేదు. ఊహించే ఉంటుంది.

ఆవిడ బడుల జాబితా తీసి అందులో పాటిలంక పేరు వెతికింది. తర్వాత, మీ బడి లెక్కల్లో చివరిదాకా వచ్చే ఏడాది బడేనండీ, చీటీ మారదు అంది.

"అయితే మా పిల్లలు బాగా చదివితే?"

"ఈ పద్ధతి లేకపోయినా పిల్లలు బాగా చదివేరని అవుతుందండీ. పద్ధతి దండగని చెప్పేవాళ్లకి మీ పిల్లలే సాక్ష్యం."

 వీరదుర్గ గూడబాతు కథ చదవడం ఆ పద్ధతికే ఎదురు సాక్ష్యమవుతుందన్నమాట. మా బడిని తీసెయ్యండి లెక్కలోంచి అంది సలోమి.

"తీయకూడదండీ. నచ్చని బడుల్ని తీసేసుకుంటూ పోతే ఇక నాకు నచ్చిన జవాబే వస్తుంది. చీటీలు వేసింది ఎందుకు మరి?" పద్మప్రియ గొంతు మొదటిసారి గట్టిపడింది. "నాకు కోపం రాలేదనుకోకండి. చాలా కోపంగా ఉంది. మిమ్మల్ని ఒక్క ఏడాది ఆగమన్నాను, అంతే కదండీ. ఈ జవాబు కోసం చూస్తున్న బడులు జిల్లాలో ఎన్నున్నాయో మీకు తెలుసు."

"నా దగ్గరున్న పిల్లకి ఏడాది లేదండీ."

"తెలుసండీ. అందుకే ఇంకా కోపంగా ఉంది."

కింద లారీ వెనక్కి తీస్తున్న చప్పుడు.  ఇప్పుడు ఆపేస్తే ఏమైనా లాభమా అని సలోమి అడిగింది. పద్మప్రియ మంచినీళ్ల గ్లాసు ఆవిడ చేతికిచ్చి, ఆ మాట నన్నడక్కండి, పిల్లలకి చదువు ఆపమని నేను చెప్పను, కొనసాగించమనీ అనను అంది. మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, తెలియకుండా తప్పు చెప్పేదాన్ని, ఇప్పుడు తెలిసింది కాబట్టి నివేదికలో ఉన్నదున్నట్టు రాస్తాను అని మెట్ల దాకా వచ్చి సాగనంపింది.

సలోమి ఆపడానికి ప్రయత్నించింది. సోమవారం గచ్చు మీద గీతలు తుడిపించేసి, వాచకం తెరవమంది. పిల్లలు తెరిచారు. ఆవిడ పాఠం చదివింది, పాడలేదు. ఇంకో రోజు అలాగే గడిచింది. పిల్లలు ఎందుకు టీచర్ అని అడిగితే పేజీ తిప్పమంది. ఎక్కడో ఏ బడిలోనో ఉన్న మొహం తెలియని పిల్లల కోసం, ఎదురుగా ఉన్న పిల్లల్ని మళ్లీ పాటలోకి తోసెయ్యడం న్యాయమో కాదో ఆవిడకి తేలలేదు. ఆ వారం చివర్లో మధ్యాహ్నం భోజనాల తర్వాత వరండా వైపు గోల వినిపించింది. వీరదుర్గ తడి బొగ్గుతో గచ్చు మీద గళ్లు గీస్తోంది. మూడో తరగతి పిల్లలు చుట్టూ చేరి పదాలు అడుగుతున్నారు. ఎవరో 'కొల్లేరు' అంటే, ఒక పిల్ల 'కొ' మీద నుంచి ఎగిరి 'ల' ఒత్తు ఎక్కడుందో వెతుక్కుంటోంది.

సలోమి వెళ్లి సుద్దముక్క తెచ్చి ఇచ్చింది. ఇక ఆపలేదు.

మార్చి చివర్లో పరీక్షకి మనుషులు వస్తారనగా తాతాజీ గారు ఆవిడని పక్కకి పిలిచారు. ఆయనా లెక్క చెడుతుందన్న సంగతి మనసులో పెట్టుకునే ఉన్నారు. బాగా చదివే పిల్లల్ని ఆ ఒక్క పూటా ఇంట్లో ఉండమంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదండీ అన్నారు. ఆయన దురుద్దేశంతో అనలేదు, ఆవిడ చిక్కిపోవడం చూడలేక అన్నారు.

"ఒకసారి నా ఇష్టం వచ్చినట్టు చేసేనండీ. మళ్లీ రెండోసారి కూడానా?" అంది సలోమి.

పరీక్ష రోజు పిల్లలందరూ వచ్చారు. పరీక్ష పెట్టడానికి వచ్చిన కుర్రవాళ్లు సలోమిని ఎరగరు. ఆవిడ గట్టు మీదుగా, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్న చెరువు దాకా వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. వీరదుర్గ అట్టముక్క కథ చదివి, లేచి వస్తూ టీచరు వైపు చూడలేదు. తోటి పిల్లలతో కలిసి కుళాయి వైపు వెళ్లిపోయింది.

జూన్‌లో ఏలూరులో ఫలితాల సమావేశం. ఈ ఏడాది బడుల పిల్లలు ముందుకి వెళ్లారు, సందేహం లేదు. అయితే అనుకున్నంత తేడా రాలేదు. వచ్చే ఏడాది బడులు కొన్ని కూడా ఎక్కువగానే కదిలాయి. వాటిల్లో కొన్నిచోట్ల టీచర్లు ఎక్కడో విని, చూసి, ముందే మొదలుపెట్టేశారని పద్మప్రియ చెప్పింది. ఆ మాటకి హాల్లో చాలామంది చూపులు దించుకున్నారు. తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని సలోమికి అప్పుడే తెలిసింది. తెలిసినందుకు తేలిక కలగలేదు, బరువు ఇంకా పెరిగింది. ఒకళ్లు చేస్తే పొరపాటు. ఇంతమంది చేస్తే జవాబే మసకబారింది.

వేదిక మీద ఉన్న అధికారి, ఎవరు మొదలుపెట్టారు, మీకేమైనా తెలుసా అని పద్మప్రియని అడిగారు. ఒక టీచరు స్వయంగా వచ్చి చెప్పేరండీ, మిగతావి పిల్లల్ని అడిగితే తెలిసినవి అందావిడ. పేరు చెప్పలేదు. సలోమి లేచి నిలబడింది. నేనేనండీ, పాటిలంక అంది. అధికారి ఆవిడని తేరిపార చూశారు. తిడతారనుకున్నారు అందరూ. ఆయన అలసటగా, మీరు మంచే చేసేరేమోనమ్మా, కానీ ఈ లెక్కతో జిల్లా అంతటికీ పెట్టమని నేను పైవాళ్లని అడగలేను, ఇంకో ఏడాది మెట్ట ప్రాంతంలో కొన్ని బడుల్లో మళ్లీ చూడాలి అన్నారు.

ఇంకో ఏడాది. ఆ రెండు మాటలు సలోమితోపాటే ఇంటికి వచ్చాయి. బయటికి వచ్చాక పద్మప్రియ, ఒక్క బడి వల్ల ఇంత జరగదండీ, మీరు మరీ అంతా మీ నెత్తిన వేసుకోకండి అంది. నిజమే చెప్పింది. సలోమి నమ్మాలనే చూసింది. కానీ పాటిలంకలో ఒక పిల్ల చదవగలిగినందుకు ఇంకెక్కడో ఇంకో పిల్ల చదవకుండా ఆరో తరగతికి వెళ్లిపోతుందేమో అన్న ఆలోచన వంట చేస్తుంటే వచ్చేది, బస్సులో వచ్చేది, ప్రార్థన మధ్యలో వచ్చేది. అలాగని వెనక్కి వెళ్లే అవకాశమే వస్తే ఆ సుద్దముక్క పట్టకుండా ఉండగలదా అంటే, ఉండలేదు. ఆ సంగతీ ఆవిడకి తెలుసు.

వీరదుర్గ హైస్కూల్లో చేరింది. తెలుగు పరవాలేదు, సాంఘికశాస్త్రం కూడా చదువుకుని అర్థం చేసుకుంటోంది. ఇంగ్లీషు మాత్రం కొండలా ఉందట. మంగాయమ్మ ఆ మాట చెప్పి, దానికీ ఏదన్నా గెంతులాట ఉందా అండి అని అడిగింది. సలోమికి తెలియదు. తెలుసుకుంటానంది. అక్క మాత్రం షెడ్డుకే వెళ్తోంది. ఒక ఆదివారం రమ్మని సలోమి కబురు పెడితే, తీరిక లేదని చెప్పి పంపింది.

మెట్ట ప్రాంతం టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి పద్మప్రియ సలోమినే పిలిచింది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, తప్పులన్నీ చేసి చూసినవాళ్లు మీరొక్కరే అని నవ్వింది. కామవరపుకోటలో శిక్షణ జరిగింది. చివరిరోజు సాయంత్రం బస్టాండులో సలోమి ఏలూరు బస్సు కోసం పచార్లు చేస్తుంటే లక్ష్మీప్రసన్న అనే టీచరు వెనకే వచ్చింది. ఆవిడ వచ్చింది శిక్షణకి కాదు, చీటీ సంగతి తెలుసుకోవడానికి. వాళ్ల బడికి 'వచ్చే ఏడాది' వచ్చింది.

"మీ సంగతి విన్నానండీ. మా అయిదో తరగతిలో కొందరు పిల్లలు ఉన్నారు. మీరైతే ఏం చేస్తారండీ?"

సలోమి ఆగింది. ఆగమనడానికి నోరు తెరిచింది. మొదలుపెట్టమనడానికీ తెరిచింది.  చివరికి, "నేను చేసింది చెప్పగలనండీ. చెయ్యమని చెప్పలేను, వద్దని కూడా చెప్పలేను. ఒక్కటే చెబుతాను. ఏం చేసినా పద్మప్రియ గారికి ముందే చెప్పండి. నేను ఆలస్యంగా చెప్పేను" అంది. ఆ జవాబు చాలదని ఇద్దరికీ తెలుసు.

బస్సు ఇంకా రాలేదు. ఆ పిల్లల పేర్లేమిటండీ అని సలోమి అడిగింది. లక్ష్మీప్రసన్న ఒక్కొక్కళ్లనీ చెప్పింది. ఎవరు ఎక్కడ ఆగిపోతారో, ఎవరి ఇంట్లో ఏముందో, ఎవరు నవ్వు చాటున దాక్కుంటారో చెప్పింది. సలోమి ఆవిడతోపాటు బస్టాండు ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ విన్నది. బస్సు వచ్చాక ఎక్కి, ఆ పేర్లు మనసులో ఒకసారి వరసగా చెప్పుకుంది. ఒకటి తప్పిపోయింది. ద్వారకా తిరుమల దాటేదాకా తన్నుకులాడి, ఇక ఉండలేక లక్ష్మీప్రసన్నకి ఫోన్ చేసింది. ఆ నవ్వే పిల్ల పేరేమన్నారండీ అని అడిగింది.